బాలల దేహములోని క్రొవ్వు – ఆరోగ్యము



ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పుదురు. ఆ భాగ్యము ఒకనియొద్ద ఉన్నదో లేదో తెలిసికొనుటకు మనము సాధారణముగా కన్నులనే నమ్ముకొందుము. బొద్దుగా నున్న బిడ్డను చూచి, "కలవారి బిడ్డ, బాగుగా తినుచున్నాడు" అందుము. సన్నగా నున్నవానిని చూచి, "చురుకైనవాడు, వీనికి ఏ రోగమును రాదు" అందుము. ఈ రెండు తీర్పులును పలుమారులు తప్పగునని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కంటికి కనబడనిదానిని వెదకుట మన సికింద్రాబాదునకు క్రొత్త కాదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను వైద్యుడు ఇచ్చటనే ఒక దోమయొక్క కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అంతకుముందు జనులు ఆ జ్వరమునకు చెడుగాలి కారణమని తలచుచుండిరి. పైకి కనబడు గుర్తు వేరు, లోపలి కారణము వేరు అని ఆ పరిశోధన మనకు నేర్పినది. దేహములోని క్రొవ్వు విషయమునను ఇట్లే లోపలికి చూడవలసియున్నది.

మా పొరపాటు

పాఠము చెప్పుటకు ముందు, మేము నేర్చుకొనిన పాఠమును చెప్పుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఎనిమిదవ తరగతికి ఉపాధ్యాయులుగా నుంటిమి. ఏటికి రెండుమారులు పిల్లల ఎత్తును, బరువును వ్రాసికొనుట మా వాడుక. ఒక్కొక్కరిని త్రాసుపై నిలిపి మేము అంకెను బిగ్గరగా చదువగా, తరగతి నాయకుడు పట్టీలో వ్రాయుచుండెను. ఒక బాలిక వంతు వచ్చెను. అంకె చదివితిమి. వెనుక బల్లలనుండి నవ్వు వినవచ్చెను. మేము ఆ నవ్వును ఆపవలసినది. ఆపక, మేమును చిరునవ్వు నవ్వి, "కొంచెము తగ్గవలెనమ్మా" అంటిమి. ఆమె వెనుక ఒక బాలుడు నిలిచియుండెను. చేతులు, కాళ్ళు పుల్లలవలె సన్నముగా నుండెను. "చూడుడు, దేహమనిన ఇట్లుండవలెను" అని వానిని మెచ్చుకొంటిమి.

మరునాటినుండి ఆ బాలిక తన అన్నపు డబ్బాను మూత తీయకయే ఇంటికి కొనిపోవుచుండెనని మాకు తెలియలేదు. ఆరు వారములైన పిమ్మట ఒక ఉదయమున, ప్రార్థనకు అందరును నిలిచియుండగా, ఆమె సొమ్మసిల్లి పడెను. వైద్యుడు పరీక్షించి, రక్తములో ఇనుము మిక్కిలి తక్కువగా నున్నదనియు, ఈ కొరత కొన్ని వారములలో వచ్చినది కాదనియు, చాలకాలమునుండి ఉండి, ఉపవాసముచే ముదిరినదనియు చెప్పెను. బాగుగా తినుచున్నదని మేమెంచిన బిడ్డ నిజముగా పోషణ లేని బిడ్డ.

ఆ సంవత్సరమే మేము మెచ్చుకొనిన బాలుని తల్లి ఒకనాడు మా యొద్దకు వచ్చెను. వాని మెడ వెనుక చర్మము నల్లబడి, మఖమలువలె మందమైయుండెను. ఆమె దానిని మురికి అనుకొని ప్రతి ఆదివారమును సున్నిపిండితో రుద్దుచుండెనట. ఎంత రుద్దినను పోదాయెను. వైద్యుడు వాని చొక్కా ఎత్తి చూడగా సన్నని దేహముపై చిన్న పొట్ట కనబడెను. రక్తపరీక్షలో చక్కెర హద్దును తాకుచుండెను. వాని తండ్రికి మధుమేహము కలదు.

ఒకే దినమున, ఒకే త్రాసునొద్ద, ఇద్దరు పిల్లలను గూర్చి మేము తీర్పు చెప్పితిమి. రెండును తప్పే. నాటినుండి ఈ విషయమును శ్రద్ధగా చదువ మొదలిడితిమి. చదివి గ్రహించినదానిని ఇచ్చట క్రమముగా చెప్పుచున్నాము.

క్రొవ్వు శత్రువు కాదు

క్రొవ్వు దేహమునకు అవసరమైన ధాతువు. అది చర్మము క్రింద కంబళివలె నుండి చలినుండి కాపాడును. మూత్రపిండములకును, కంటిగ్రుడ్డునకును మెత్తవలె అమరి దెబ్బలనుండి రక్షించును. ఎ, డి, ఇ, కె అను విటమినులు క్రొవ్వుతో కలిసియే దేహమునకు పట్టును. ఒక గ్రాము పిండిపదార్థమునకు గాని, మాంసకృత్తులకు గాని 4 కిలోకెలోరీల శక్తి యుండగా, ఒక గ్రాము క్రొవ్వునకు 9 కిలోకెలోరీలు కలవు. కావున చెడ్డదినములకై ధాన్యమును గాదెలో దాచినట్లు, దేహము మిగులు శక్తిని క్రొవ్వుగా దాచును.

అయితే ఈ గాదె ఊరకుండునది కాదు. 1994లో శాస్త్రజ్ఞులు లెప్టిన్ అను రసమును కనుగొనిరి. క్రొవ్వు కణములు దీనిని రక్తములోనికి విడిచి, "నిల్వ ఇంత యున్నది" అని మెదడునకు వార్త పంపును. ఆ నిల్వ మరీ తక్కువైనచో బాలికలు యుక్తవయస్సునకు వచ్చుట ఆలస్యమగును. ఎదుగు పిల్లలకు క్రొవ్వు బొత్తిగా లేకుండుట హానికరమని దీనివలన తెలియవలెను.

మరి కీడు ఎక్కడ? అది క్రొవ్వు చేరు చోటునందున్నది. తొడలమీదను, చేతులమీదను చర్మము క్రింద చేరినది అంతగా బాధింపదు. కడుపులో కాలేయము చుట్టును, ప్రేగుల చుట్టును చేరినది చెడ్డది. అది ఇన్సులిన్ చేయు పనికి అడ్డు తగులును. ఇన్సులిన్ రక్తములోని చక్కెరను కణములలోనికి పంపు రసము. దానికి అడ్డు కలిగినపుడు దేహము మరింత ఇన్సులినును పుట్టించును. ఆ అధిక ఇన్సులిన్ చూపు గుర్తులలో మెడ వెనుకను, చంకలలోను చర్మము నల్లబడుట ఒకటి. అది మురికి కాదు, సబ్బుతో పోదు. తల్లులు రుద్దుట మాని వైద్యునకు చూపవలెను. ఉపేక్షించినచో మధుమేహము, రక్తపుపోటు, కాలేయమున క్రొవ్వు పట్టుట మొదలగునవి పెద్దతనమునకు ముందే రావచ్చును.

మనవారి దేహములోని విశేషము

2004లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ఒక చిత్రము వెలువడెను. అందులో ఇద్దరు వైద్యులు ప్రక్కప్రక్కన నిలిచియున్నారు. ఒకరు పూనాకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. మరియొకరు లండనుకు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తును బట్టి బరువును లెక్కించు సూచిక ఇద్దరికిని సరిగా ఒక్కటే: 22.3. కాని దేహములోని క్రొవ్వును కొలువగా యుడ్కిన్ గారికి నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్ గారికి నూటికి 21.2 పాళ్ళు ఉండెను. త్రాసు ఇద్దరిని సమానులనెను, దేహము కాదనెను.

ఈ భేదము పుట్టుకతోనే కనబడుచున్నది. యాజ్ఞిక్ గారును, వారి తోడివారును 2003లో ప్రకటించిన పరిశోధనలో, పూనా ప్రాంతపు పల్లెలలో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. మన శిశువులకు కండ తక్కువ, అవయవములు చిన్నవి. వీపుపై చర్మము క్రింది క్రొవ్వు మాత్రము అంతగా తక్కువ కాదు. తల్లికి తగిన పోషణ లేనపుడు గర్భములోని శిశువు కండను పోగొట్టుకొనియైనను క్రొవ్వును కాపాడుకొనునని వారు గ్రహించిరి. ఇట్టి బిడ్డ పల్లెలో పనిపాటలతో పెరిగినచో ఒక విధము. పట్టణములో కూర్చుండి తినుచు పెరిగినచో మరియొక విధము. ఈ భేదమును గుర్తించియే 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు, ఆసియావారైన పెద్దలకు 25 బదులు 23వ అంకెనుండియే జాగ్రత్త అవసరమని సూచించిరి.

మన నగరమున జరిగిన పరిశోధన

మన పొరుగుననే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఇది 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒకే గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ గారిచే ప్రారంభింపబడి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. ఆ కాలమున ఇచ్చటి వైద్యుల యెదుట నున్న ప్రశ్న ఆకలి. మాంసకృత్తులు చాలక ఒడలు ఉబ్బిన పిల్లలు, విటమిను ఎ లేక చూపు పోవు పిల్లలు, జొన్నలే తిను పేదలకు వచ్చు పెల్లాగ్రా వ్యాధి — వీటిని గూర్చియే సి. గోపాలన్ మొదలగువారు పాటుపడిరి.

అట్టి సంస్థయే తరువాత మరియొక లెక్క తీయవలసివచ్చెను. హైదరాబాదు నగరమున 12 మొదలు 17 ఏండ్ల వయస్సుగల బాలబాలికలను పరీక్షించి అచ్చటి శాస్త్రజ్ఞులు 2007లో ఫలితములను ప్రకటించిరి. నూటికి సుమారు 7గురు అధికమైన బరువు గలవారు. దినమునకు 3 గంటలు గాని, అంతకు మించి గాని టెలివిజన్ చూచువారిలో నూటికి సుమారు 10 మంది; వారమునకు 6 గంటలైనను ఆరుబయట ఆటలాడువారిలో సుమారు 3గురు మాత్రమే. ఇంటిపని చేయు పిల్లలలోను ఈ సంఖ్య తక్కువగా నుండెను. వాకిలి ఊడ్చుట, నీరు మోయుట గౌరవమునకు లోటని తలచు పిల్లలు ఈ సంగతిని గమనింతురుగాక.

దేశమంతటను 2016 మొదలు 2018 వరకు జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే మరింత ఆశ్చర్యకరము. 10 మొదలు 19 ఏండ్లవారిలో నూటికి 24గురు తమ వయస్సునకు తగని సన్నము. నూటికి 5గురు అధిక బరువు. అయినను రక్తములో చక్కెర మధుమేహపు అంచునకు చేరినవారు నూటికి 10 మంది! లావైనవారు 5గురే యుండగా చక్కెర అంచునకు వచ్చినవారు 10 మంది ఎట్లైరి? వీరిలో లావు కానివారును ఉండితీరవలెను గదా. ఇంకను ఆ వయస్సు బాలికలలో నూటికి 40 మందికి రక్తహీనత. మా తరగతిలోని ఆ ఇద్దరు పిల్లలు మా తరగతికే ప్రత్యేకమైనవారు కారని ఈ అంకెలను చూచినపుడు మాకు తెలిసినది.

కొలుచు విధము

బరువును ఎత్తుతో పోల్చు పద్ధతిని 19వ శతాబ్దమున బెల్జియము దేశపు గణితజ్ఞుడైన కెటెలె కనుగొనెను. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుయొక్క వర్గముచే భాగింపవలెను. ఉదాహరణము: 150 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు గల బాలునకు, 1.5ను 1.5చే గుణించిన 2.25, 45ను 2.25చే భాగించిన 20. ఎదుగు పిల్లలకు ఈ అంకెను వయస్సును బట్టి, బాలుడా బాలికయా అనుదానిని బట్టి ప్రత్యేకమైన పట్టీలలో చూడవలెను; పెద్దల హద్దులు పిల్లలకు చెల్లవు. అదియుగాక, ఈ అంకె కండను క్రొవ్వును వేరుచేయలేదు.

ఇంతకంటె సులభమైన కొలత యొకటి కలదు. దానికి త్రాసు అక్కరలేదు. ఒక దారము చాలును. తలనుండి మడమవరకు మీ ఎత్తునకు సరిగా దారమును త్రుంచుడు. దానిని సగమునకు మడువుడు. చివరి ప్రక్కటెముకకును, తుంటియెముక పైభాగమునకును నడుమ, ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట, ఆ మడత దారమును నడుము చుట్టు త్రిప్పుడు. కొనలు కలిసి ఇంకను మిగిలినచో మేలు. కలియకున్నచో కడుపులో క్రొవ్వు చేరుచున్నదని అనుమానింపవలెను. 150 సెంటీమీటర్ల ఎత్తు గలవానికి నడుము 75 సెంటీమీటర్లు మించరాదన్నమాట. ఐదేండ్లు దాటిన పిల్లలకు, పెద్దలకు కూడ ఈ కొలత ఉపయోగించును. ఇది రోగనిర్ణయము కాదు. వైద్యుని కలిసికొనుమను హెచ్చరిక మాత్రమే.

కారణములు

మొదటిది, ఆటస్థలము. మన ఊరిలో పరేడు మైదానము, జింఖానా మైదానము ఉన్నను, ప్రతి వీధికి అట్టి భాగ్యము లేదు. ఖాళీస్థలములలో భవనములు లేచినవి. పిల్లలు బస్సులోనో, ఆటోలోనో బడికి వచ్చి, సాయంకాలము ట్యూషనునకు పోయి, రాత్రి సెల్ ఫోను చూచుచు నిద్ర చెరుపుకొనుచున్నారు. 2020లో మహమ్మారివలన బడులు మూతపడిన పిమ్మట పిల్లలు తిరిగి వచ్చినపుడు, మైదానమును ఒక్కమారు చుట్టి రాలేక వగర్చినవారిని మేము పెక్కుమందిని చూచితిమి.

రెండవది, చిరుతిండి. 250 మిల్లీలీటర్ల శీతలపానీయపు సీసాలో సుమారు 26 గ్రాముల చక్కెర, అనగా ఐదారు చెంచాలు ఉండును. ఇంటిలో కాఫీలో ఐదు చెంచాల చక్కెర వేసికొందుమనినచో తల్లి ఒప్పుకొనునా? మైదా పఫ్‌లు, సమోసాలు, మిరపకాయ బజ్జీలు, చిప్సు పొట్లములు కడుపు నింపును గాని ఇనుమును, మాంసకృత్తులను తగినంత ఈయవు. అందువలననే ఒకే దేహములో క్రొవ్వు అధికము, రక్తము తక్కువ అను వింత సంభవించుచున్నది. 2020లో ఆహార భద్రతాధికారులు చేసిన నిబంధనలను బట్టి, క్రొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగాగల తినుబండారములను పాఠశాలలోను, పాఠశాల ద్వారమునకు 50 మీటర్ల లోపలను పిల్లలకు అమ్మరాదు. నిబంధన మంచిదే, కాని 51వ మీటరునొద్ద మన నాలుకను మనమే అదుపులో నుంచుకొనవలెను.

మూడవది, పెద్దల ప్రేమ. కరవుకాలములు చూచిన మన అవ్వలకు బొద్దైన మనుమడే ఇంటి సిరికి గురుతు. "బిడ్డ చిక్కిపోయినాడు" అని మరియొక ముద్ద పెట్టుదురు. ఆ ప్రేమను తప్పు పట్టరాదు. ఆ ముద్దలో మరికొంత పప్పును, ఆకుకూరను కలుపుమని వినయముతో అడుగవచ్చును.

చేయవలసినవి

దినమునకు 60 నిమిషములకు తక్కువ కాకుండ, ఊపిరి వేగమగునట్లు ఆడవలెను. కబడ్డీ, ఖోఖో, తాడాట, సైకిలు, ఏదైనను సరియే. ఆరు మొదలు పండ్రెండు ఏండ్లవారికి 9 గంటలకు తక్కువ కాని నిద్ర, అంతకు పెద్దవారికి 8 గంటలకు తక్కువ కాని నిద్ర అవసరము.

ఆహారమున పప్పు, ఆకుకూర, మజ్జిగ, గ్రుడ్డు, జొన్నరొట్టె, రాగిజావ, సెనగ గుగ్గిళ్ళు, వేయించిన వేరుసెనగలు, జామపండు మొదలగువానికి చోటీయవలెను. మోండా మార్కెటులో ఒక శీతలపానీయపు వెలకు తోటకూర కట్టలు దొరకును. పండుగనాడు బిరియాని తినుట దోషము కాదు. ప్రతిదినమును పండుగ చేసికొనుట దోషము.

అన్నిటికంటె ముఖ్యమైనది: పస్తుండకూడదు. "లంఖణము పరమౌషధము" అను సామెత జ్వరమునకు చెప్పినది గాని ఎదుగు పిల్లలకు కాదు. బరువు అధికముగానున్న పిల్లవానికి తరచుగా బరువు తగ్గింపవలసిన పనియే లేదు. ఎత్తు పెరుగుచుండగా బరువును నిలుకడగా నుంచుకొనిన చాలును. వైద్యుని సలహాతో కాలమే తక్కినది చేయును.

తోటివారికి ఒక మాట. "బొండము", "డ్రమ్ము", "పుల్ల", "అస్థిపంజరము" అను పేర్లు పెట్టి పిలుచుట వినోదమని మీరు తలంతురు. ఆ పేరు విన్నవాడు నవ్వుచునే యుండును. కాని ఆటస్థలమునకు వచ్చుట మానును, లేక అన్నము తినుట మానును. ఆటయే ఔషధమైనపుడు, ఎగతాళితో వానిని ఆటనుండి తరిమినవాడు ఔషధమును పారబోసినవాడే గదా. ఈ మాట ముందు మాకు చెప్పుకొని, తరువాతనే మీకు చెప్పుచున్నాము.

ఆ బాలిక స్వస్థపడి బడికి వచ్చిన దినమున మేము ఆమెను క్షమింపుమని అడిగితిమి. తరగతి యెదుట జరిగిన తప్పునకు తరగతి యెదుటనే అడుగుట ధర్మమని అట్లే చేసితిమి. ఆమె తల వంచుకొని ఏమియు మాటాడలేదు. మరుసటి సంవత్సరము త్రోబాల్ జట్టులో చేరుటకు పేరు ఇచ్చినపుడు మాకు సమాధానము దొరికినట్లైనది. ఆ బాలుడు కూడ ఉదయమున మైదానమున పరుగెత్తుచు, సీసా పానీయములు మాని, వైద్యుని యొద్దకు క్రమముగా పోవుచుండెను. ఇప్పుడు మా తరగతిలో బరువును తెరచాటున తూచి, అంకెను మడచిన చీటీలో తల్లిదండ్రులకు పంపుచున్నాము.

విద్యార్థులారా! ఈ వ్యాసమును చదివినవారు నేటి సాయంకాలమే ఒక దారమును తీసికొని, పైన చెప్పినట్లు కొలుచుకొనుడు. దారపు కొనలు కలిసినను, కలియకున్నను మీ విలువలో ఒక్క వీసమైనను తగ్గదు, పెరుగదు. మరునాడు చేయవలసిన పని మాత్రము తెలియును. ఒక్క నియమము మరువకుడు: ఎవరి నడుమును వారే కొలుచుకొనవలెను, పొరుగువాని నడుమును కంటితో కొలువరాదు.